‘కలి’ అంటే పందెంలో ఓడే సంఖ్య

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో పిల్లలకి అష్టాచెమ్మా నేర్పించాను. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా అని చెప్తుంటే మా అత్తయ్యగారు వింటూ కూర్చున్నారు. పిల్లలు మధ్యలో వదిలేసి ఫోన్లు పట్టుకోగానే, “కలికాలం!” అని నిట్టూర్చారు. ఆ మాట కూడా పందెంలోంచే వచ్చిందని ఆవిడకి చెప్తే నమ్మలేదు. మీకూ చెప్తాను, వినండి.

వేదకాలంలో పాచికలంటే చుక్కలు చెక్కిన దిమ్మలు కావు, తానికాయలు. మన వంటింట్లో త్రిఫల చూర్ణం ఉంటుంది కదా, అందులో కరక్కాయ, ఉసిరికాయలతో పాటు పడే మూడో కాయ అదే. పండితులు చెప్పే ఆట పద్ధతి ఇది: కాయల్ని గుప్పిట పట్టి తీసి, నాలుగేసి చొప్పున లెక్కపెట్టాలి. ఏమీ మిగలకపోతే కృత, అంటే గెలుపు. మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపర. ఒక్కటే మిగిలితే కలి, అన్నిటికన్నా చెడ్డ పందెం.

తర్వాత ఈ నాలుగు పేర్లే యుగాలకి పెట్టారు. కలియుగం 4,32,000 ఏళ్ళు, ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. ధర్మం నాలుగు పాదాల నుంచి ఒంటికాలి మీదికి దిగిందనే లెక్కా ఇదే వరస.

ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి గోడు ఉంది. భార్య దూరమైంది, అత్తగారు అసహ్యించుకుంటోంది, అప్పులవాళ్ళ భయంతో రాత్రిళ్ళు తిరుగుతున్నాడు. జూదం మాని వ్యవసాయం చేసుకోమని చివర్లో హితవు. మూడు వేల ఏళ్ళ నాటి మాటలు, నిన్న ఎవరో ఫోన్ చేసి ఏడ్చినట్టే ఉంటాయి.

భారతంలో నలుడి కథ మనకి తెలిసిందే. కలి నలుణ్ణి ఆవహించాడు, ద్వాపరుడు పాచికల్లో చేరాడు. రాజ్యం మొత్తం పోయింది. దమయంతిని ఒడ్డమని పుష్కరుడు రెచ్చగొట్టినా నలుడు ఆ ఒక్క పందెం మాత్రం కాయలేదు. ధర్మరాజు కాశాడు. కానీ నాకు నచ్చేది దమయంతి. మొగుడు మాట వినే స్థితిలో లేడని గ్రహించి, అన్నీ పోకముందే సారథిని పిలిపించి పిల్లలిద్దర్నీ పుట్టింటికి పంపేసింది. చివరికి కలి నలుణ్ణి వదిలి దూరిన చెట్టు కూడా తాని చెట్టే. అందుకే దాన్ని కలిద్రుమం అంటారు.

ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు తెచ్చాయి. ఇక్కడ మనకి వారాంతం కాసినో ట్రిప్పులున్నాయి. సరదాకి వెళ్ళడం వేరు, ఇంటి డబ్బు ఎటుపోతోందో ఇల్లాలికే తెలియకపోవడం వేరు. ఈ నెల బ్యాంక్ లెక్కలు మనమూ ఒకసారి తెరిచి చూసుకుందాం. అది అనుమానం కాదమ్మా, దమయంతి చూపిన జాగ్రత్త.

ఆడపిల్ల గట్టిగా మాట్లాడితేనో, పిల్లలు మాట వినకపోతేనో “కలికాలం” అనేస్తాం. అసలు కలి అంటే చేతిలో మిగిలిన ఆ ఒంటి కాయ. దాన్ని చూసి కూడా “ఇంకొక్క ఆట” అనడంలోనే ఉంది నష్టమంతా.