తవుడుతో పోయిన బలం: మన గింజల పాత కథ

పోయిన చలికాలంలో మా గ్రామ సంఘం మీటింగులో చిన్న గొడవ జరిగింది. కొర్రల మిషను దగ్గర పనిచేసే అక్కలు, "కొనేవాళ్లు కొర్రబియ్యం ఇంకా తెల్లగా కావాలంటున్నారు. రెండోసారి ఆడిస్తే తెల్లబడతాయి, ధర కూడా ఎక్కువొస్తుంది" అన్నారు. సగం మంది సరేనన్నారు, సగం మంది వద్దన్నారు. వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఎందుకు వద్దో అడిగితే నోరు పెగల్లేదు. ఆ తర్వాత అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు ఈ నివేదికలో రాస్తున్నాను.

మన అమ్మమ్మల కాలంలో వడ్లు ఇంట్లోనే దంచేవాళ్లు. పైన ఊక పోయేది, లోపలి ఎర్రటి పొర చాలావరకు గింజనే అంటిపెట్టుకుని ఉండేది. అదే దంపుడు బియ్యం. ఆ రోజులు బంగారం అని నేననను. తెల్లారకముందే లేచి రోకలి పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కేవి. మిల్లు వచ్చిందంటే ఆడవాళ్లకి ఊపిరి ఆడింది, అందులో తప్పేముంది?

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా అంతా వరి అయింది. ఆ వెనక రైసు మిల్లులు వచ్చాయి. మిల్లు బియ్యం మల్లెపూవులా తెల్లగా ఉండేసరికి, తెల్లన్నం తినడం గొప్ప అయిపోయింది. దంపుడు బియ్యం, జొన్నలు, రాగులు లేనివాళ్ల తిండి అన్న పేరు పడ్డాయి.

ఆ తెల్లన్నం వెంట ఒక రోగం కూడా వచ్చింది. దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి నడక పడిపోతుంది. కొందరికి ఒళ్లు నీరు పట్టి గుండె ఆగిపోతుంది. తల్లి ఒంట్లో ఆ సత్తువ లేకపోతే పాలలోనూ ఉండదు కాబట్టి, చంటిబిడ్డలు నెలల వయసులోనే పోయేవాళ్లు. బాలింతకి పత్యం పేరుతో తెల్లన్నం, కారప్పొడి తప్ప ఏమీ పెట్టని ఇళ్లలో ఎంత ప్రమాదమో ఆలోచించండి. మద్రాసు రాష్ట్రం మొత్తంలో ఈ రోగం బాగా పాతుకున్నది మన కోస్తా జిల్లాల్లోనే.

దీని గుట్టు మొదట జావా దీవిలో బయటపడింది. 1890ల్లో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు పెంచే కోళ్లకు కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకి మందూ మాకూ లేకుండానే అవి లేచి తిరిగాయి. ఆరా తీస్తే తేలింది ఇది: కోళ్లకి మిలిటరీ ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టేవాళ్లు. కొత్తగా వచ్చిన వంటవాడు, సైన్యం బియ్యం కోళ్లకేంటని మానేశాడు. ముడిబియ్యం తిన్నాక కోళ్లు బాగుపడ్డాయి! ఆ వంటవాడి పిసినారితనం లోకానికి ఎంత మేలు చేసిందో. 1929లో ఐక్‌మన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. తవుడులోనూ, మొలక వచ్చే చోటులోనూ ఉండే ఆ సత్తువనే ఇప్పుడు బి1 విటమిను అంటున్నాం.

మన దేశంలో ఈ రోగం సంగతి తేల్చడానికే 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన పిల్లల బరువు, రక్తహీనత లెక్కలకి ఇవాళ ఆధారంగా చూసే సంస్థ పుట్టింది తెల్లబియ్యం తెచ్చిన రోగం వల్లనన్నమాట.

మరి తమిళ జిల్లాల వాళ్లూ అన్నమే తింటారు కదా, వాళ్లకి ఈ రోగం అంతగా ఎందుకు రాలేదు? వాళ్లలో చాలామందిది ఉప్పుడు బియ్యం. వడ్లను ఊకతోనే నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆడిస్తారు. ఉడికేటప్పుడు పై పొరలోని విటమిను గింజ లోపలికి దిగుతుంది. అందుకే మిల్లుకి వేసినా అంతా పోదు. మనం పచ్చి వడ్లే ఆడించి, బియ్యం మూడునాలుగు సార్లు కడిగి, గంజి వార్చి పారబోసేవాళ్లం. బి1 నీళ్లలో కరిగిపోయేది కాబట్టి మిగిలిన కాస్తా అలా పోయేది.

ఇంతవరకు చదివి, "అయితే జొన్నలు తింటే చాలు" అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. తెలంగాణలో జొన్నరొట్టె, జొన్నగటక తప్ప వేరే ఏదీ అందని కూలీలకి పెల్లగ్రా అనే రోగం వచ్చేది. ఎండ తగిలే మెడ, చేతులు నల్లబడి పొట్టు లేస్తాయి, విరేచనాలవుతాయి, మతి చెదురుతుంది. 1960లో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం మరీ ఎక్కువ ఉండడం దీనికి కారణమని చెప్పారు. జొన్న చెడ్డదని కాదు. పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ లేని జొన్న అది. వరి ఒక్కటే తిన్నవాళ్లని ఒక రోగం పట్టింది, జొన్న ఒక్కటే తిన్నవాళ్లని ఇంకో రోగం పట్టింది.

ఈ సంగతి చదువు రాని మన పెద్దవాళ్లకి చేలో తెలుసు. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, అనుము, అలసంద వేసేవాళ్లు. జొన్నలో తక్కువైన మాంసకృత్తుల భాగం పప్పులో ఉంటుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక చాలా ఇళ్లలో పొయ్యి వెలిగింది, ఆకలి తగ్గింది. కానీ మెట్ట ఊళ్లలో మెల్లమెల్లగా జొన్నచేలు బీళ్లు పడ్డాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత అక్కలు, ఆ బీళ్లు మళ్లీ దున్ని జొన్నలు, చిరుధాన్యాలు, పప్పులు కలిపి వేశారు. సొంతంగా గింజల నిల్వ పెట్టుకుని రేషన్‌లా పంచుకున్నారు. 2019లో వాళ్లకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

గింజగింజకీ ఒక్కో గుణం. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటే, తెల్లబియ్యంలో పది దాటదు. సజ్జల్లో ఇనుము బియ్యంకన్నా చాలా ఎక్కువ. రాగి గింజకి ఆ ఎర్రరంగునిచ్చే పొట్టులోనే పాలీఫినాల్స్ అనే పదార్థాలున్నాయి. పీచుతో కలిసి అవి అన్నం చక్కెరగా మారే వేగాన్ని తగ్గిస్తాయి. షుగరున్నవాళ్లు వినండి. అయితే ఆ పొట్టులోనే ఇనుమును ఒంటికి పట్టనివ్వని పదార్థాలూ ఉన్నాయి. రాగులు మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా అవి కొంత తగ్గుతాయి. పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా పడుతుంది. రాత్రి అంబలి కలిపి పొద్దున తాగే అలవాటు ఊరికే పుట్టలేదు.

ఈమధ్య కాలంలో రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వచ్చాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండితో చేసినవే, తినండి. మిల్లులో కొంత తీసేసి, మళ్లీ కొంత కలిపి పెట్టడం మాత్రం నాకు తమాషాగానే ఉంటుంది.

ఇక మన మిషను. మొదటిసారి ఆడిస్తే కొర్రల పై ఊక పోతుంది. రెండోసారి పోయేది తవుడు. దాన్ని మనం బర్రెలకి వేస్తున్నాం. బర్రెలు బాగానే ఉన్నాయి. కాకపోతే మిషను అక్కల బాధా నిజమే: తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఒక్కసారి ఆడించిన కొర్రలు త్వరగా ముక్కవాసన వేస్తాయి, పురుగు పడతాయి. ఒకేసారి క్వింటాళ్లు ఆడించి పెట్టకుండా, ఆర్డరు వచ్చినప్పుడే కొద్దికొద్దిగా ఆడిస్తే ఆ నష్టం తగ్గుతుంది. వచ్చే నెల మీటింగుకి రెండు రకాల అన్నం వండి తెస్తున్నాం, ఒక్కసారి ఆడించినది ఒక గిన్నెలో, రెండుసార్లు ఆడించినది ఇంకో గిన్నెలో. తిన్నాక చేతులెత్తిద్దాం.