జముకు నుంచి లక్షింపేట దాకా: ఉత్తరాంధ్ర వాడల పాటలో 'మనం' ఎవరం?

ఉత్తరాంధ్ర సాహిత్య చరిత్ర రాసేవాళ్లు విజయనగరం కోట దగ్గర బయల్దేరతారు. గజపతుల కొలువు, మహారాజా కళాశాల, 1919లో పెట్టిన సంగీత పాఠశాల, గురజాడ, ఆదిభట్ల నారాయణదాసు. అక్కణ్నించి శ్రీకాకుళ పోరాటం, సుబ్బారావు పాణిగ్రాహి, వంగపండు. ఆ తర్వాత 1997లో కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం. వీళ్లంతా పెద్దవాళ్లే, అందులో మాకు పేచీ లేదు. అయితే ఈ దారిలో మాలవాడ ఎక్కడుంది, పైడి, రెల్లి, బారికి, దండాసి వీధులు ఎక్కడున్నాయి అనడిగితే మాత్రం చరిత్రకారుడు నీళ్లు నములుతాడు. పాట లేకుండా చావు గానీ, ఉభాలు గానీ, అమ్మవారి పండగ గానీ జరగని చోట కవిత్వం లేదంటారేటి?

మేం ఈ వ్యాసంలో వాడల పాటకు సాహిత్య గౌరవం ఇప్పించమని దేబిరించడం లేదు. మేం అడుగుతున్నది వేరు. దెబ్బ తిన్న మనుషుల్ని పాట ఎట్లా ఒకచోట చేర్చింది? చేరినవాళ్లకు ఏ మేరకు ఊరట ఇచ్చింది? అట్లా చేరినప్పుడు 'మనం' అన్న మాటలోకి ఎవరొచ్చారు, ఎవరు బయట మిగిలారు?

ముందుగా ఏడుపు గురించి మాట్లాడాలి. చావింట్లో మన ఆడవాళ్లు రాగం తీసి ఏడవడం చూడనివాళ్లు ఈ జిల్లాల్లో ఉండరు. అది ఉట్టి ఏడుపు కాదు. పోయినవాడి బతుకంతా వరసన చెప్పుకొస్తారు. ఎవరి కాడ కంబారితనం చేశాడు, ఏ ఏడు పంట పోయింది, ఎవరు కొట్టారు, ఏ అప్పు తీరకుండా పోయాడు. పక్కన కూచున్న ఆడమనిషి ఆ మాట అందుకొని తన ఇంటి చావును దానికి కలుపుతుంది. ఒక గొంతుతో మొదలైంది నాలుగు గొంతులవుతుంది. బతికున్నప్పుడు కామందు ముందు ఎత్తలేని మాటలు అక్కడ అందరూ వింటుండగా బయటికొస్తాయి. చావింట్లో అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పరు గదా! పోలీసు ఠాణాలో, తాసీల్దారు ఆఫీసులో చెల్లని సాక్ష్యం అక్కడ చెల్లుతుంది. దీన్ని పండితులు 'శోకం' అన్నారు, జానపద పరిశోధకులు 'స్త్రీల పాటలు' అనే సంచిలో వేశారు. మేం దీన్ని వాడ రాసుకోని చరిత్ర అంటాం.

ఉభాల పాటదీ అదే దారి. పరాయి మడిలో నడుం వంచి నాటు వేస్తూ, గట్టు మీద గొడుగేసుకొని నిలబడ్డవాణ్ని బావ వరసతోనో మరిది వరసతోనో ఎకసెక్కం చేస్తారు. వాడూ నవ్వుతాడు. కూలి పెరగదు. కానీ నడుం నొప్పి నలుగురిదీ అయిపోతుంది. ఇంకో సంగతి మరిచిపోకూడదు. ఆ వరసలో మాల ఆడవాళ్ల పక్కనే బీసీ కులాల కూలి ఆడవాళ్లూ ఉంటారు. పాట ఇద్దరిదీ. మడి దాటాక మంచినీళ్ల కుండ దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటి కాదు. ఈ విషయం ముందు ముందు అవసరమవుతుంది.

ఇక జముకు. బిందెలాంటి డొల్లకు ఒక పక్క తోలు మూసి, దాని నడుమ నుంచి నరాన్ని లాగి, రెండో కొసను చిన్న పుల్లకు కట్టి బిగించి మీటుతారు. లాగిన కొద్దీ స్వరం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మనిషి మాట్లాడినట్టూ, మూలిగినట్టూ పలుకుతుంది. కథకుడొకడు, వంతలు ఇద్దరు. ఎల్లమ్మ కథ వాళ్ల సొత్తు. కొడుకు గొడ్డలికి జడిసి ఆ తల్లి పరుగెత్తి దాక్కున్నది అంటరాని ఇంట్లోనే. రెండు తలలూ తెగాక, తిరిగి అతికించేటప్పుడు ఒకరి తల మరొకరి మొండేనికి పడుతుంది. పురాణం దాన్ని పొరపాటని చెప్పింది. వాడలో వినేవాళ్లకు అది పొరపాటుగా వినపడదు. ఊరు మొక్కే దేవతలో సగం తమ ఒళ్లని వాళ్లకు తెలుసు. తెగినచోట అతుకు పడుతుంది గానీ, అతుకు కనపడుతూనే ఉంటుందని ఆ కథ చెబుతోంది. నారాయణదాసుగారి హరికథకు పుస్తకాలున్నాయి, బిరుదులున్నాయి, విజయనగరంలో పాఠశాల ఉంది. జముకు కథకుల్లో ఎందరి పేర్లు అచ్చయ్యాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పాట వాడకు ఇంకో దోవలో కూడా వచ్చింది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) ఒడియా బ్రాహ్మడు. 1833లో క్రైస్తవం పుచ్చుకొని తెలుగులో కీర్తనలు కట్టాడు. 1874లో కాకినాడలో పని మొదలెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆ తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేట దాకా వచ్చింది. చాలా ఇళ్లలో మొదటి పుస్తకం కీర్తనల పుస్తకమే. గుళ్లోకి అడుగు పెట్టనివ్వని మనుషులు చేతిలో పుస్తకం పట్టుకొని, శుభ్రమైన బట్ట కట్టుకొని, ఆడామగా ఒక వరసలో నిలబడి గొంతెత్తారు. ఆ నిలబడటమే పెద్ద మార్పు. ఆ కీర్తన 'నేను పాపిని' అని ఒప్పుకోమంటుంది. కులం చేసిన పాపం ఎవరిదో మాత్రం చెప్పదు. అమెరికాలో నల్లవాళ్లు ఆ బైబిలు కథల్లోంచే బానిసత్వం నుంచి విడుదలను పాడుకున్నారు. మన దగ్గర ఆ పని అంతగా జరగలేదని మా అభిప్రాయం. పాదిరి గీసిన గీత దాటి పాట కట్టుకోడానికి మనవాళ్లకు చానాకాలం పట్టింది.

గురజాడను ఇక్కడ తప్పించుకుపోలేం. 1911 నాటి 'లవణరాజు కల'లో మంచి మాల కులంలో ఉంటే తాను ఆ కులస్తుణ్నే అవుతానని రాజు చేత అనిపించాడు. విజయనగరం సంస్థానం నీడన కూచుని ఆ మాట రాయడం చిన్న విషయం కాదు. అందుకు గురజాడకు దణ్నం పెడతాం. పెట్టి ఒక మాట అడుగుతాం. మాలపిల్ల రాజు కలలోకి ఎందుకు రావాలి? మెలకువ రాగానే ఎందుకు మాయం కావాలి? కల కన్నది రాజు, మారింది రాజు మనసు. ఆ పిల్ల ఏ కల కన్నదో ఎవరూ రాయలేదు. సరిగ్గా పదేళ్లకు, 1921లో, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసినప్పుడు ఆ గొంతు కలలోంచి కాకుండా మెలకువలోంచి వచ్చింది. 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. అయితే ఇవన్నీ గోదావరి, కృష్ణా, గుంటూరు దిక్కు నుంచి వచ్చినవే. ఉత్తరాంధ్ర వాడ ఇంకా నోటి పాటతోనే ఉంది.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నల్ని కాల్చి చంపాక ఈ జిల్లాల పాట దారి మారింది. బొడ్డపాడు పూజారి పాణిగ్రాహి జముకు చేతపట్టాడు. జముకుల కథను ఉద్దానం పల్లెల్లో ఉద్యమ కథ చేశాడు, 1969 డిసెంబరులో ప్రాణమిచ్చాడు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు షిప్‌యార్డులో పనిచేస్తూ మన ఇంటి భాషను, మన ఆడవాళ్లు మాట్లాడే పలుకును వేదిక మీదికి తెచ్చాడు. 1972లో ఏర్పడ్డ జననాట్య మండలిలో గద్దర్‌తో కలిసి నడిచాడు. 2020లో ఆయన పోయినప్పుడు ఊరూరా పాడినవాళ్లలో పార్టీ తెలియనివాళ్లే ఎక్కువ. ఈ పాట కూలివాడికి వెన్ను నిటారు చేసింది. ఎవరు కాదంటారు? కానీ ఆ పాటలో మనం 'కూలన్న'లం, 'రైతుకూలీ'లం. మాలను, రెల్లిని అని చెప్పుకొని ఏడ్చే చోటు అందులో లేదు. చెప్పుకుంటే ఐక్యత చెడుతుందన్నారు. జముకు వాడది, కథకు పెట్టిన పేరు వర్గానిది. గాయాన్ని పేరు పెట్టి పిలవకుండా మందు వేస్తే పైపైన ఆరుతుందేమో గానీ లోపల అట్లాగే ఉంటుంది.

ఆ పేరు పెట్టడం కారంచేడుతో జరిగింది. 1985 జులై 17న ఆరుగురు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది. ఆ నెత్తుట్లోంచి వచ్చిన కవిత్వమే 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' అనే సంకలనాలయ్యింది. ఒక విషయం గమనించాలి. వాటిలో ఉన్నది ఎక్కువగా వచన కవిత్వం. అయినా రెండూ తమను 'పాట' అనే పిలుచుకున్నాయి. కాగితం మీద రాసినా వాడ గొంతు నుంచే వస్తున్నామని చెప్పుకోవడం అది. అంతవరకూ సిగ్గుగా దాచుకున్న కులం పేరు కవి సంతకంలోకి వచ్చింది. సిగ్గు పోవడమే సగం మానడం. ఆ కవిత్వానికి ఒక రాజకీయ నమ్మకం కూడా ఉండేది. దళితులూ బీసీలూ కలిసి 'బహుజనులు', శత్రువు పైన ఉన్నాడు అని. ఆ 'మేం' చాలా విశాలమైంది.

ఆ నమ్మకం మీద దెబ్బ పడింది ఈ జిల్లాలోనే. వంగర మండలం లక్షింపేట. మడ్డువలస జలాశయం కింద ఊరు మునిగింది. నష్టపరిహారం భూమి ఉన్నవాళ్లకు దక్కింది, ఊరు పునరావాస కాలనీ అయ్యింది. ప్రభుత్వం తీసుకున్న భూమిలో మునగకుండా మిగిలిన దాన్ని కొంత దళితులు దున్నుకున్నారు. తరతరాలుగా సెంటు భూమి లేనివాళ్లు మొదటిసారి తమ కోసం ఉభాలు వేసుకున్నారు. అదే కంటగింపయ్యింది. 2012 జూన్ 12, రాష్ట్రంలో ఉప ఎన్నికల పోలింగు రోజు. ఇదే జిల్లా నరసన్నపేటలో ఓట్లు పడుతుంటే లక్షింపేటలో దళితుల మీద బాంబులతో, గొడ్డళ్లతో దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. చంపినవాళ్లు కమ్మలు కాదు, రెడ్లు కాదు. తూర్పు కాపులు, బీసీలు. ఉభాల్లో మన పక్కన పాడినవాళ్ల ఇళ్లవాళ్లు. దాదాపు రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, శివసాగర్ (కె.జి. సత్యమూర్తి) కన్నుమూశాడు. వర్గం నుంచి కులం దాకా, దళితుల నుంచి బహుజనుల దాకా ఆ దారంతా నడిచిన కవి. లక్షింపేటను చూడకుండా పోయాడు.

లక్షింపేటకు రాష్ట్రం నలుమూలల నుంచి దళిత సంఘాలు, హక్కుల సంఘాలు, కవులు, డప్పు దళాలు వచ్చాయి. కవిత్వం చాలానే వచ్చింది. దాంట్లో చాలాభాగం కారంచేడు, చుండూరు అచ్చులోనే పోసిన కవిత్వం. 'అగ్రకుల భూస్వామి' అని రాయబోతే ఇక్కడ ఆ మాట అతకదు. కొందరు ఆ చిక్కును దాటవేసి 'పెత్తందార్లు' అన్నారు. ఉత్తరాంధ్ర కథలోనూ కవిత్వంలోనూ పేరున్నవాళ్లలో చాలామంది ఆ రైతు కులాల నుంచే వచ్చినవాళ్లు. వాళ్లలో నోరు తెరిచి తమ కులాన్ని పేరుతో నిలదీసినవాళ్లను గౌరవిస్తాం. ఊరుకున్నవాళ్ల ఊరుకోవడాన్ని కూడా చరిత్ర రాయాల్సిందే. వలస గురించి, నిర్వాసితుల గురించి గొప్పగా రాసిన ప్రాంతం మనది. నిర్వాసితుల్లోనే నిర్వాసితులుంటారని లక్షింపేట చెప్పింది.

పాట పాడితే గాయం మానుతుందని ఊరికే చెప్పడం మాకు ఇష్టం లేదు. 1997 జులై 11న ముంబయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చచ్చిపోయారు. ఎర్రజెండా కింద ఎన్నో ఏళ్లు పాడిన కవిగాయకుడు విలాస్ ఘోగ్రే అది చూసి కొద్ది రోజులకే తన గుడిసెలో ఉరిపోసుకున్నాడు. తలకు నీలిగుడ్డ కట్టుకొని మరీ. వేలమందికి ధైర్యమిచ్చిన గొంతు అది. తాను ఎవరి కోసం పాడాడో వాళ్ల నడుమే ఒంటరివాడైతే గాయకుణ్ని ఎవరు కాస్తారు? మన డప్పు దళాల పిల్లల్ని సభకు పిలుస్తాం, దండ వేస్తాం, రాత్రి బస్సు ఛార్జీలిచ్చి పంపేస్తాం. పాట మందు అయ్యేది పాడినవాడు, విన్నవాడు మళ్లీ మళ్లీ కలుసుకునేచోట. చావింటి ఏడుపు అందుకే పనిచేస్తుంది. పదకొండో రోజుకు మళ్లీ వస్తారు, ఏడాదికి మళ్లీ వస్తారు.

మన లోపలి సంగతి కూడా ఒకటుంది. దళిత కవిత్వం అంటే మాల, మాదిగల కవిత్వంగానే సాగింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీల్ని మూడు గ్రూపులు చేసినప్పుడు రెల్లి, దాని ఉపకులాలు కలిపి పన్నెండింటికి ఒక్క శాతం వచ్చింది. లెక్కలోనన్నా పేరు దక్కింది. పాటలో? వీధులూడ్చి, పళ్లమ్మి బతికే రెల్లి ఇళ్లలో ఒడియా కలిసిన మాట ఉంది, ఆ మాటలో పాట ఉంది. తెలుగు సంకలనకర్త చెవి దాకా అది రాలేదు. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమా పుణ్యమా అని ఈ ప్రాంతపు వాడ కళాకారుల బతుకు తెరకెక్కింది. ఆ పాటలు ఫోన్లలో మోగాయి. మంచిదే. సినిమా కావాలనుకున్నంత వరకే తీసుకుంటుంది.

కథకు శ్రీకాకుళంలో ఇల్లు ఉంది. వాడ పాట ఇంకా మనుషుల గొంతుల్లోనే కాపురముంది. లక్షింపేటలో 2012లో రాగం తీసి ఏడ్చిన ఆడవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల ఒప్పుదలతో, వాళ్లు వద్దంటే పేర్లు లేకుండా, ఆ పాటల్ని రికార్డు చేసి, రాసి, ముందుగా వాళ్లకే వినిపించే పని పరిశోధకులు చేపట్టాలి. ఇంకో చిన్న చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని మార్చినప్పుడు వంగర మండలం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లింది. ఆ ఊరి గురించి వెతికేవాళ్లు రెండు జిల్లాల పేర్ల కిందా చూడాలి.