వేక్‌ఫీల్డ్ నుంచి ధవళేశ్వరం దాకా

కాలేజీ రోజుల్లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' సంక్షిప్త ప్రతిని పరీక్ష కోసం చదివాను. గుర్రాన్ని అమ్ముకురమ్మని సంతకు పంపితే, పన్నెండు డజన్ల ఆకుపచ్చ కళ్ళజోళ్ళతో తిరిగివచ్చిన మోజెస్ ఒక్కడే జ్ఞాపకం మిగిలాడు. పదవీ విరమణ తరువాత, ఈ మధ్యనే పూర్తి ప్రతి చదివాను. ఈసారి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఈ నవల పుట్టుకలోనే అప్పు ఉంది. అద్దె బాకీ కోసం ఇంటి యజమానురాలు గోల్డ్‌స్మిత్‌ను నిర్బంధింపజేసింది. కబురందుకున్న శామ్యూల్ జాన్సన్ ముందుగా ఒక గినీ పంపి, వెనుకనే తానూ వెళ్ళాడు. చూస్తే, ఆ గినీతో తెప్పించిన మదీరా సీసా ఎదుట ఉంది! జాన్సన్ సీసాకు బిరడా బిగించి, అక్కడున్న నవల రాతప్రతిని తీసుకువెళ్ళి అరవై పౌన్లకు అమ్మి, మిత్రుణ్ణి విడిపించాడు. బాస్వెల్ రాసిన జాన్సన్ జీవితచరిత్రలోని ముచ్చట ఇది. పుస్తకం 1766లో అచ్చయింది.

అందుకే కాబోలు, కథానాయకుడైన ప్రింరోజ్ కూడా బాకీ తీర్చలేక చెరసాల పాలవుతాడు. తోటి ఖైదీలు ఎగతాళి చేస్తున్నా వారికి మంచి మాటలు చెబుతాడు. చిన్న దొంగతనాలకు ఉరి వేయడం అన్యాయమని వాదిస్తాడు. ఇంగ్లండులో అప్పుకు ఖైదు చాలావరకు రద్దయింది 1869లో, అంటే నవల వచ్చిన నూరేళ్ళ తరువాత.

మనకు ఈ పుస్తకంతో మరో చుట్టరికం ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు దీని ప్రేరణతోనే 'రాజశేఖర చరిత్రము' రచించి, 1878లో తన 'వివేకవర్ధని'లో ప్రకటించారు. ఆయనకప్పుడు ముప్పై ఏళ్ళు. వేక్‌ఫీల్డ్ స్థానంలో గోదావరి ఒడ్డున ధవళేశ్వరం వెలసింది. ఆంగ్ల మతాచార్యుడి ఆస్తి వర్తకుడి దివాలాతో పోతే, రాజశేఖరుడి బంగారాన్ని స్వర్ణయోగం తెలుసునన్న బైరాగి కాజేస్తాడు. పతనానికి కారణాన్ని మన సమాజంలోనే వెదికారు పంతులుగారు. ఆ తెలుగు నవల 1887లో 'ఫార్చ్యూన్స్ వీల్' పేరిట ఆంగ్లంలోకి తిరిగి వెళ్ళడం మరో విశేషం.

అయితే ఈ వయసులో నన్ను ఆపినది వేరొక ఘట్టం. పెద్ద కూతురు ఒలీవియా ఇల్లు విడిచి వెళ్ళిందని తెలియగానే తండ్రి ముందు పిస్తోళ్ళు తెమ్మంటాడు. కాసేపటికి తేరుకుని, బైబిలూ చేతికర్రా పట్టుకుని వెదకబోతాడు. దారిలో జ్వరపడి మూడు వారాలు మంచానపడతాడు. చివరికి ఒక సత్రంలో, బాకీ తీర్చలేదని గెంటివేయబడుతున్న బిడ్డ గొంతు విని, అక్కున చేర్చుకుంటాడు. ఇంటికి వచ్చిన కూతురిని తల్లి దెప్పబోతే వారిస్తాడు.

ఇరవై ఏళ్ళప్పుడు ఇది నాకు కథ మాత్రమే. నా కూతురు తన ఇష్టప్రకారం పెళ్ళి చేసుకున్నప్పుడు నేను రెండేళ్ళు మాట్లాడలేదు. నేను పిస్తోళ్ళ దగ్గరే ఆగిపోయాను. చేతికర్ర అందుకున్నది మా ఆవిడ. ప్రింరోజ్‌ను అమాయకుడని నవ్విన నేను, ఆయన నడిచిన దూరాన్ని చదవనేలేదు.

పుస్తకం మూసి అమ్మాయికి ఫోన్ చేశాను. ఏం చదువుతున్నారు నాన్నా అని అడిగింది. చెప్పాను. ఎందుకు ఫోన్ చేశానో మాత్రం చెప్పలేకపోయాను.