క్యాన్సర్‌లో ఎపిజెనెటిక్ మార్పులు: చరిత్ర

డీఎన్‌ఏలోని క్షారాల వరుస చెక్కుచెదరకుండానే జన్యువుల పనితీరు మారి, ఆ మార్పు కణవిభజన ద్వారా పిల్లకణాలకు సంక్రమిస్తే దానిని ఎపిజెనెటిక్ మార్పు అంటారు. సైటోసిన్ అనే క్షారానికి మిథైల్ సమూహం చేరడం (మిథైలేషన్), డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్లలో రసాయనిక మార్పులు కలగడం వీటిలో ముఖ్యమైనవి. ఉత్పరివర్తనాలకు భిన్నంగా వీటిని తొలగించడానికి వీలుండటమే ఈ పరిశోధనకు ప్రాణం.

అర్బుదాన్ని సుశ్రుత సంహిత కాలం నుంచి వైద్యులు ఎరిగినా, దాని మూలం క్రోమోజోముల లోపంలో ఉందని జర్మన్ శాస్త్రవేత్త థియోడార్ బొవేరి ప్రతిపాదించినది 1914లో. ఎపిజెనెటిక్స్ అనే పేరును 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ పెట్టగా, దూడ థైమస్ గ్రంథి డీఎన్‌ఏలో మిథైల్ సైటోసిన్ ఉనికిని 1948లో రోలిన్ హాచ్‌కిస్ గుర్తించాడు. మిథైలేషన్ జన్యువులను నియంత్రిస్తూ తరతరాల కణాలకు సంక్రమించగలదని 1975లో రాబిన్ హాలిడే, జాన్ ప్యూ ఒకవైపు, ఆర్థర్ రిగ్స్ మరొకవైపు ప్రతిపాదించారు.

1964లో ప్రాగ్‌లో తయారైన అజాసైటిడిన్ ఈ ఊహకు బలమిచ్చింది. ఆ మందు తగిలిన ఎలుక పిండకణాలు కండర, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారడాన్ని 1979లో షర్లీ టేలర్, పీటర్ జోన్స్ వెల్లడించి, మిథైలేషన్‌ను అది అడ్డుకోవడమే ఇందుకు కారణమని మరుసటి ఏడాది చూపారు. 1983లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ఫైన్‌బర్గ్, బెర్ట్ వోగెల్‌స్టైన్ ఒకే రోగి నుంచి సేకరించిన పెద్దపేగు కణితినీ, ఆరోగ్యవంతమైన కణజాలాన్నీ పోల్చి, కణితి డీఎన్‌ఏలో మిథైలేషన్ గణనీయంగా తగ్గినట్లు కనుగొన్నారు. ఇందుకు విరుద్ధంగా 1986లో స్టీఫెన్ బేలిన్ బృందం కాల్సిటోనిన్ జన్యువు వద్ద మిథైలేషన్ పెరగడాన్ని గమనించింది. కంటి క్యాన్సర్‌లో ఆర్‌బీ1 (1989), మూత్రపిండ క్యాన్సర్‌లో వీహెచ్‌ఎల్ (1994), పలు క్యాన్సర్లలో పి16 (1995) జన్యువులపై జరిగిన అధ్యయనాలతో ఈ వైరుధ్యం తొలగింది. జన్యుసంపుటి మొత్తం మీద మిథైలేషన్ తగ్గుతున్నా, కణితిని నిరోధించే జన్యువుల ఆరంభ ప్రాంతాలలో మాత్రం అది పెరిగి వాటి పనిని ఆపివేస్తుందని తేలింది.

ఈ పురోగతికి పరిశీలనా పద్ధతులే ఆధారం. మిథైల్ లేని సైటోసిన్‌ను సోడియం బైసల్ఫైట్ యురాసిల్‌గా మార్చి, మిథైల్ ఉన్నదానిని విడిచిపెడుతుందన్న ధర్మాన్ని వాడుకొని, సిడ్నీలో మరియన్ ఫ్రోమర్ తదితరులు 1992లో రూపొందించిన చక్కని పద్ధతి నేటికీ ప్రామాణికంగా నిలిచింది. హిస్టోన్ గుర్తులను చూపే చిప్-సీక్ (2007), డీఎన్‌ఏలో తెరిచి ఉన్న భాగాలను చూపే అటాక్-సీక్ (2013) తరువాత వచ్చాయి. మిథైల్ సైటోసిన్‌లో మార్పు తెచ్చే టెట్1 ఎంజైమ్‌ను 2009లో అంజనా రావు బృందం గుర్తించింది.

చికిత్సలో, ఎముక మజ్జ రుగ్మత అయిన మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌కు అజాసైటిడిన్‌ను 2004లో, డెసిటబిన్‌ను 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. హిస్టోన్లను మార్చే ఎంజైములపై పనిచేసే వోరినోస్టాట్ 2006లో, టాజెమెటోస్టాట్ 2020లో ఆమోదం పొందాయి.

ఈ మందులు జన్యుసంపుటి అంతటిపైనా ప్రభావం చూపుతాయి కనుక, ఎంచుకున్న ఒక్క జన్యువు వద్దనే గుర్తును మార్చే సాధనాల కోసం అన్వేషణ సాగింది. డీఎన్‌ఏను కత్తిరించే శక్తి తొలగించిన క్యాస్9 ప్రోటీన్‌కు 2015లో హిస్టోన్లను మార్చే పి300 ఎంజైమ్ భాగాన్నీ, 2016లో టెట్1నూ, మిథైల్ సమూహాన్ని చేర్చే డీఎన్‌ఎంటీ3ఏ ఎంజైమ్‌నూ జోడించి జన్యువులను నియంత్రించగలిగారు. 2021లో వెలువడిన క్రిస్పర్‌ఆఫ్ సాధనం, కొద్దికాలమే కణంలో ఉండి, అనేక విభజనల వరకు జన్యువును నిద్రాణంగా ఉంచగలిగింది. అయితే తప్పించుకున్న కొద్ది కణాల నుంచీ కణితి తిరిగి పెరగగలదు కాబట్టి, ఈ సాధనాలను శరీరంలోని క్యాన్సర్ కణాలన్నింటికీ చేర్చగలగడంపైనే వాటి చికిత్సా ప్రయోజనం ఆధారపడి ఉంది.