"సెల్ఫ్ కొట్టు" అనే మాట వెనక ఉన్న కథ

పోయిన ఎపిసోడ్‌లో కారు బ్యాటరీ గురించి మాట్లాడినప్పుడు టైమ్ చాలక సగం చరిత్ర మింగేశాను. ఆ సగం ఇక్కడ రాస్తున్నా. నేను చరిత్ర చదివినోణ్ణి కాదు. రాజంపేట వైపు మనిషిని, ఐటీఐ చేసి కువైట్‌కి పోయి, అక్కడ్నుంచి ఎడ్మంటన్ వచ్చి ఇప్పుడు కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. చేతికి తగిలిన వస్తువు వెనక కథ తెలుసుకోవడం మాత్రం నాకు పిచ్చి.

మొన్న జనవరిలో ఒక పొద్దున, మైనస్ 31. మా సైటులో పనిచేసే నల్గొండ తమ్ముడు ఐదున్నరకే ఫోన్ చేశాడు. "అన్నా, కారు టక్ టక్ అంటోంది గానీ లేస్తలేదు." వర్క్ పర్మిట్ మీద ఉన్న పిల్లోడు. ఒక రోజు రాకపోతే ఆ రోజు జీతం పోతుంది, రెండు రోజులు రాకపోతే పైవాళ్ల మాట తీరు మారుతుంది. నా ట్రక్కులో ఎక్కించుకొని సైటుకి తీసుకుపోయా. మధ్యాహ్నం ఒక గ్యారేజీకి ఫోన్ చేస్తే టోయింగు, కొత్త బ్యాటరీ, కంప్యూటర్‌లో ఎక్కించడం, అన్నీ కలిపి 600 డాలర్లన్నారంట. వాడి కారు సెకండ్ హ్యాండ్‌ది, బ్యాటరీ డిక్కీలో ఉండే యూరప్ మోడల్. "కొత్త కార్లల్ల మనం చెయ్యి పెట్టొద్దంట కదా అన్నా?" అని అడిగాడు. సాయంత్రం చూద్దాంలే అన్నా.

మన ఊళ్లలో కారు స్టార్ట్ చేయడాన్ని "సెల్ఫ్ కొట్టు" అంటాం కదా. సెల్ఫ్ అంటే సెల్ఫ్ స్టార్టర్, అంటే తనంతట తానే లేచేది. అంతకుముందు ఇంజన్‌ని మనిషే లేపాలి. బండి ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అంబాసిడర్ ముందు ఆ హ్యాండిల్ పెట్టే కన్నం ఉండేది, మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇంజన్ ఎదురు తన్నితే హ్యాండిల్ వెనక్కి తిరిగి మణికట్టు విరిచేది, ఒక్కోసారి దవడ పగలగొట్టేది. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు ఒకామె కారుకి సాయం చేయబోయి హ్యాండిల్ దెబ్బకి చనిపోయాడని, అది విని కాడిలాక్ అధినేత హెన్రీ లీలాండ్ కదిలిపోయి స్టార్టర్ చేయించాడని ఒక కథ చాలాచోట్ల చెబుతారు. కథ బాగుంది గానీ తేదీలు కలవవు. కథ 1910 అంటుంది, కార్టర్ 1908లోనే పోయాడు.

ఖాయంగా చెప్పగలిగింది చార్లెస్ కెట్టరింగ్ సంగతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ ఊరు. అంతకుముందు ఆయన దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్లకి కరెంటు మోటార్ పెట్టాడు. అక్కడ పట్టుకున్న కిటుకు ఏమిటంటే, మోటార్ కొన్ని సెకన్లే పనిచేస్తే చాలనుకున్నప్పుడు చిన్న మోటార్ నుంచే తాహతుకి మించిన బలం పిండుకోవచ్చు, కాలిపోయేలోపు పని అయిపోతుంది. మిగతా ఇంజనీర్లు ఇంజన్‌ని లేపాలంటే దాదాపు ఇంజనంత మోటార్ కావాలని లెక్కలేస్తున్నారు. కెట్టరింగ్ 1911లో కాడిలాక్ మీద పరీక్షించి చూపించాడు. 1912 మోడల్ కాడిలాక్‌లో స్టార్టర్ మామూలు సామానుగా వచ్చింది. ఫోర్డ్ మోడల్ టీకి రావడానికి 1919 అయింది.

ఇందులో ఒక తమాషా ఉంది. అప్పటికే బ్యాటరీతో నడిచే కార్లున్నాయి. ఇదే కెనడాలో, 1893లో టొరంటోలో, ఫ్రెడరిక్ ఫెదర్‌స్టన్‌హా అనే పేటెంట్ లాయర్ కోసం విలియం స్టిల్ అనే ఇంజనీర్ తన బ్యాటరీతో ఒక ఎలక్ట్రిక్ కారు చేసి ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. వేగం గంటకి సుమారు 24 కిలోమీటర్లు. హ్యాండిల్ తిప్పే బాధ లేదు కాబట్టి ఎలక్ట్రిక్ కార్లకి గిరాకీ ఉండేది. కెట్టరింగ్ బ్యాటరీని తెచ్చి పెట్రోల్ కారులో పెట్టేసరికి ఆ బాధ పోయింది, దాంతో ఎలక్ట్రిక్ కారుకి గిరాకీ తగ్గింది. నడవాల్సిన బ్యాటరీ లేపడానికి మాత్రమే మిగిలింది.

బ్యాటరీ దాని కంటే పాతది. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే రెండు సీసం రేకులు చుట్టి గంధకామ్లంలో ముంచాడు. 1881లో కమీల్ ఫోర్ రేకుల మీద సీసం ముద్ద పూసే పద్ధతి తెచ్చాడు, అప్పట్నుంచి కరెంటు ఎక్కువ పట్టింది. నిన్న షాపులో కొన్న బ్యాటరీలోనూ అదే సీసం, అదే ఆమ్లం. 1950ల మధ్యలో అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12కి మారాయి, ఎందుకంటే పెద్ద ఇంజన్లు 6తో లేవడం లేదు. 1970ల్లో సీసంలో కాల్షియం కలిపిన ప్లేట్లు వచ్చి నీళ్లు పోసే పని తప్పింది. మన దగ్గర మాత్రం బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ సీసాలు చాన్నాళ్లే కనబడ్డాయి.

మా జిల్లా పక్కనే దీనికి ఇంకో కొమ్మ ఉంది. గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చి 1985లో అమరరాజా బ్యాటరీస్ పెట్టారు, తిరుపతి దగ్గర కరకంబాడిలో. మొదట ఫ్యాక్టరీలకీ టెలికాంకీ సీల్డ్ బ్యాటరీలు, తర్వాత 2000లో కార్ల కోసం అమరాన్. ఆ ఆకుపచ్చ డబ్బా కువైట్‌లో కనిపిస్తే నాకు ఊరు కనిపించినట్టుండేది.

కువైట్ అంటే గుర్తొచ్చింది. అక్కడ బ్యాటరీలు రెండేళ్లకే పోతుంటే ఎండాకాలాన్ని తిట్టేవాళ్లం. ఇక్కడికొచ్చాక చలిని తిడుతున్నాం. అసలు సంగతి, ప్లేట్లని తినేది వేడే. చలి దాన్ని బయటపెడుతుంది, అంతే. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం సగానికంటే తక్కువకి పడిపోతుంది, అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి మోటార్‌ని ఇంకా ఎక్కువ బలం అడుగుతుంది. బ్యాటరీ మీద సీసీఏ అని రాసుంటుంది చూడండి, మైనస్ 18లో 30 సెకన్లు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె అది. ఇక్కడ కార్ల ముందు ప్లగ్గు వైర్లు వేలాడుతుంటే మొదట్లో ఇవన్నీ ఎలక్ట్రిక్ కార్లేమో అనుకున్నా, నవ్వకండి. అది బ్లాక్ హీటర్. నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ దానికి 1949లో పేటెంట్ తీసుకున్నాడు.

ఇక కంప్యూటర్ సంగతి. 2000ల నుంచి కార్లలో కరెంటు తినేవి పెరిగిపోయాయి, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగి మళ్లీ లేచే పద్ధతీ వచ్చింది. అందుకే చాలా కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ పెట్టారు. ఎంత కరెంటు పోతోంది, ఎంత వస్తోంది, బ్యాటరీ ఎంత ముసలిదైందో అది లెక్క పెట్టుకుంటుంది. కొత్తది పెట్టి ఆ సంగతి చెప్పకపోతే పాత ముసలిదాన్ని చార్జ్ చేసినట్టే చేస్తుంది. వెంటనే ఏమీ కాదు గానీ కొత్తదాని ఆయుష్షు తగ్గొచ్చు. దీన్నే రిజిస్టర్ చేయడం అంటారు. అన్ని కార్లకీ అక్కర్లేదు, మాన్యువల్ చూసుకోవాలి.

సాయంత్రం తమ్ముడి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మీటర్ పెడితే 12.4 వోల్టులు చూపించింది. సెల్ఫ్ కొట్టగానే 7 కిందకి జారింది. అంటే చార్జ్ ఉంది, సత్తువ లేదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ అయితే ఈ చలికి లోపల గడ్డకడుతుంది. డబ్బా ఉబ్బి కనిపిస్తే జంపర్ కేబుల్ అస్సలు పెట్టొద్దు, పేలే ప్రమాదం ఉంది.

పాతది ఏజీఎం రకం, కాబట్టి అదే రకం, అదే సైజు, అంతకి తగ్గని సీసీఏ ఉన్నది తెచ్చాం. డిక్కీ ముందే తెరిచి, లాక్ పడకుండా గుడ్డ కట్టా. ఒకసారి నేనే బ్యాటరీ విప్పి డిక్కీ మూసేసి, అది కరెంటుతో తెరుచుకునేదని గుర్తొచ్చి గంట సేపు తిట్టుకున్నా. తాళం జేబులో పెట్టుకోకుండా దూరంగా పెట్టించి, కంప్యూటర్లు నిద్రపోయే దాకా పది నిమిషాలు ఆగాం. ముందు మైనస్ విప్పాలి. ప్లస్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులే. సెన్సార్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తకూడదు, సున్నితం. గ్యాస్ బయటికి పోయే సన్నని పైపుని కొత్తదానికి తగిలించడం చాలామంది మర్చిపోతారు. బ్యాటరీ మనుషులు కూర్చునే చోటే ఉంది కాబట్టి హైడ్రోజన్ లోపల చేరకుండా అది ఉండాలి. బిగించేటప్పుడు ప్లస్ ముందు.

ఫోన్‌కి కలిసే చిన్న స్కానర్‌తో రిజిస్టర్ చేశాం. స్టీరింగ్ లైటు వెలిగితే తమ్ముడు భయపడ్డాడు. పార్కింగ్‌లోనే రెండు చుట్లు తిప్పితే ఆరిపోయింది. కిటికీలకి ఆటో బటన్ మళ్లీ నేర్పించాల్సొచ్చింది. మొత్తం గంటన్నర, అందులో సగం చేతులు కాచుకోడానికే.

పాత బ్యాటరీ షాపులో ఇస్తే డిపాజిట్ డబ్బులు తిరిగిచ్చారు. ఆ సీసం కరిగి మళ్లీ ఇంకో బ్యాటరీలోకి పోతుంది. ఆ డబ్బుతో ఇద్దరం కాఫీ తాగాం.

పోయిన ఆదివారం వాడే ఫోన్ చేశాడు. పక్క గదిలో ఉండే పంజాబీ పిల్లోడి కారు లేవడం లేదంట, వీడు స్పానర్లు పట్టుకొని కిందికి దిగాడు. "అన్నా, ముందు మైనసే కదా?"

"ఇప్పేటప్పుడు," అన్నా.