కింగ్ హెన్రీస్ రోడ్డు, 10వ నంబరు ఇల్లు

లండను నగరపు వాయవ్య భాగాన, ప్రిమ్‌రోజ్ హిల్ గుట్టకు సమీపాన కింగ్ హెన్రీస్ రోడ్డు ఉన్నది. అందులో 10వ నంబరు ఇల్లు విక్టోరియా రాణి కాలపు కట్టడం. 1921–22లో డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ ఆ ఇంట నివసించారు.

అప్పుడాయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రం, గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రం అభ్యసిస్తున్నారు. అంతకు కొన్నేళ్ల ముందు, 1917లో, బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన ఆ విద్యావంతునికి ఊరిలో బస దొరకలేదు. కులం తెలియగానే పారసీల సత్రం నుండి వెళ్లగొట్టారు. స్వదేశం ఇవ్వని గది పరదేశంలో లభించింది. ఈ ఇంటి విశిష్టత అదే.

2015లో మహారాష్ట్ర ప్రభుత్వం దీనిని కొన్నది. ఆ నవంబరులో భారత ప్రధాని దీనిని స్మారక భవనంగా ప్రారంభించారు. అయితే నివాసగృహాన్ని ప్రదర్శనశాలగా మార్చుటకు స్థానిక కామ్డెన్ పురపాలక సంఘం 2018లో అనుమతి నిరాకరించింది. నగరంలో ఒక నివాసం తగ్గిపోతుందన్నది దాని ప్రధాన అభ్యంతరం. అప్పీలుపై విచారణ జరిగిన పిమ్మట, 2020 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి మంజూరు చేసింది.

ఆ అభ్యంతరాన్ని తేలికగా కొట్టివేయరాదు. నీడ లేకపోవడమంటే ఏమిటో అంబేడ్కరుకు తెలుసు. ఒప్పంద కూలీలుగా సముద్రం దాటి, చెరకుతోటల బ్యారకులలో కాపురమున్న మన పెద్దలకూ తెలుసు. తలపై కప్పు ఉన్నవానికే పుస్తకం తెరిచే తీరిక దొరుకుతుంది. లండను వెళ్లే మన పిల్లలు ఆ గడప ముందు ఒక్క క్షణమైనా నిలబడవలెను.