ఆగమము – ఆదేశము : ఎడిటరుల చరిత్ర

గానుగ తిరుగుచుండఁగా రోకలిని మార్పఁజాలము. ఎద్దును నిలిపి, కాడి విప్పి, పిమ్మట మార్పవలెను. కంప్యూటరునందు వ్రాఁతపనికై యేర్పడిన ఎడిటరు అను సాధనమునకు మాత్రము ఈ నిర్బంధము లేకుండఁ జేయఁగలిగిరి. అది అమెరికాలో జరిగి యర్ధశతాబ్దము కావచ్చినది. ఆ వృత్తాంతమును సంగ్రహముగా మనవి చేసెదను.

ఎడిటరు తెఱపై అక్షరములు వ్రాయుటకును దిద్దుటకును పనికివచ్చును. దానికి లేని శక్తిని కోరినవారు తామే చేర్చుకొనుట కలదు. ఇట్లు చేర్చినదానిని ఎక్స్‌టెన్షన్ అందురు. వ్యాకరణము చదివినవారికి ఇది ఆగమమనిన చాలును. ఉన్నదానిని తొలఁగించి దాని స్థానమునఁ గ్రొత్తది వచ్చిన నది యాదేశము. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన నిలుచును, ఆదేశము శత్రువువలె వచ్చి చోటాక్రమించును అని మా గురువులు చెప్పెడివారు. ఎక్స్‌టెన్షన్ రచించువాఁడు తన వ్రాఁతను దిద్దిన ప్రతిసారియుఁ బాతదానికిఁ గ్రొత్తది ఆదేశముగా రావలెను. కష్టమంతయు నిచ్చటనే.

1960ల తొలి యేండ్లలో డాన్ మర్ఫీ ఎం.ఐ.టి. విద్యాసంస్థలో టెకో అను ఎడిటరును రచించెను. దాని యాజ్ఞలు బీజాక్షరములవలె నుండెడివి. తరువాత అచ్చటి కృత్రిమమేధా ప్రయోగశాలవారు ఆ యాజ్ఞలను గుదిగ్రుచ్చి యొక్కొక్క మీటకుఁ గట్టుకొనఁజొచ్చిరి. ఎవరి మీటలు వారివి. ఒకరి యెడిటరు మఱియొకరికిఁ దెలియకపోయెను. 1976లో గై స్టీల్ వానిని ఏకముచేయ నారంభింపఁగా రిచర్డ్ స్టాల్‌మన్ సాగించి ముగించెను. అదియే ఈమాక్స్. 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ కంప్యూటరునకై లిస్ప్ భాషలో మఱియొక ఈమాక్సును వ్రాసెను. 1985లో స్టాల్‌మన్ గ్నూ ఈమాక్సును వెలువరించెను. దానికిని ఎక్స్‌టెన్షన్ భాష లిస్ప్ యే.

లిస్ప్‌లో ప్రతి పనికి నొక పేరు, ఆ పేరునకొక నిర్వచనము. నిర్వచనమును దిద్ది, దాని కడపట నిలిచి మీటలు నొక్కినచో ఆ యొక్కటియే మఱలఁ జదువఁబడి పాతదాని చోటఁ గూర్చుండును. తెఱచియున్న పత్రములు చెదరవు. సగము వ్రాసిన వాక్యము సగముననే యుండును.

అయితే ఈ యాదేశము సంపూర్ణము కాదు. కొన్ని విలువలు ‘ఇదివఱకు లేనియెడలనే యీయవలెను’ అను నియమముతో వ్రాయఁబడును. అట్టిదానిని దిద్ది ఫైలునంతయు మఱలఁ జదివించినను పాత విలువయే నిలుచును. పత్రమును భద్రపఱచునప్పుడెల్ల జరుగవలెనని చేర్చిన పేరులేని యాజ్ఞను దిద్ది మఱలఁ జేర్పఁగా, పాతదియుఁ బోక రెండును నడచును. వెనుకటి కరణము క్రొత్తపద్దు వ్రాసి పాతపద్దు కొట్టివేయకున్న శిస్తు రెండుమాఱులు పడినట్లు!

2015లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ మఱియొక మార్గము త్రొక్కినది. అందు ఎక్స్‌టెన్షన్లు ఎడిటరునుండి వేఱుగా నడచును. ఒకటి చెడినను వ్రాయువాని పని చెడకుండుటకే యీ యేర్పాటు. ఎక్స్‌టెన్షన్ రచించువాఁడు పరీక్షకై రెండవ కిటికీ తెఱచును. దిద్దిన పిదప ఆ కిటికీని మొదటినుండి మఱలఁ బ్రారంభించును. పాత జ్ఞాపకము సమస్తము తుడుచుకొనిపోవును.

శుద్ధి గొప్పదే కాని నష్టమును గలదు. మల్టిక్స్ ఈమాక్సును వాడిన కార్యాలయ గుమాస్తాలు, ప్రోగ్రాము వ్రాయుట తమవలనఁ గాదని నమ్మినవారే, ఆ మాట యెత్తని మార్గదర్శినిఁ జదివి ఎక్స్‌టెన్షన్లు వ్రాసిరని స్టాల్‌మన్ చెప్పియున్నాఁడు. ఒక్క వాక్యము దిద్ది వెంటనే ఫలము చూచుటవలననే వారికి ధైర్యము కలిగినదని నేను తలంతును. పలకపై వ్రాసి చెఱిపి నేర్చిన పిల్లవానికి సిరా కలమిచ్చినచోఁ జేయి వణఁకును. బడిలో నేండ్లతరబడి చూచితిని. రెండవ కిటికీ, పునఃప్రారంభము మున్నగు మెట్లు ముందుంచినచో ఆ గుమాస్తాలలో నెందఱు మొదటి మెట్టెక్కియుందురు?

ఇంతకును, ఈమాక్స్ వాడువారును చిక్కు మిక్కిలి ముదిరినప్పుడు దానిని మూసి మఱలఁ దెఱచుట మానలేదు.